నీళ్ళు లోపలికి రావు, సరే!

మహారాజశ్రీ వాటర్‌ప్రూఫ్ లైట్‌వెయిట్ ట్రెక్కింగ్ బూట్ల జంట గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు మాత్రం క్షేమంగా లేరని మొన్న ఆదివారమే తెలిసింది. అటక మీంచి దించి, దుమ్ము దులిపి, తొడుక్కుని నాలుగడుగులు వేశానో లేదో, కుడి బూటు అడుగు హాల్లోనే ఉండిపోయింది. నేను వంటింట్లోకి వచ్చేశాను. వెనక్కి తిరిగి చూస్తే గచ్చు మీద నల్లటి పిండి. మా ఆవిడ "మళ్ళీ చెదలా?" అంటూ చీపురు తెచ్చింది. చెదలు కాదు, అక్షరాలా 11,499 రూపాయలు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలంటారు. మీ పైభాగం ఇంకా దిట్టంగానే ఉంది కాబట్టి ఆ నియమం నాకు సగమే వర్తిస్తుంది.

2018 జూన్‌లో మిమ్మల్ని కొన్న రోజు గుర్తుందా? అంతకుముందు పదిహేను రోజులు నేను ఆఫీసు పని మానేసి మీ గురించే చదివాను. అప్పుడే తెలిసింది, పాదాల మీద ఒక కిలో మోస్తే వీపు మీద అయిదు కిలోలు మోసినంత పనట. కొండలెక్కేవాళ్ళ పాత సామెత ఇది. 1980లలో అమెరికా సైన్యం వాళ్ళు కొలిచి చూస్తే లెక్క దాదాపు అంతే వచ్చిందట. ఆలోచిస్తే సబబే. వీపు మీది సంచి ఒకసారి ఎక్కితే దిగేదాకా ఊరికే కూర్చుంటుంది. బూటునైతే ప్రతి అడుక్కీ లేపాలి, ముందుకు విసరాలి, ఆపాలి. పది కిలోమీటర్లకి పదిహేను వేలసార్లు. తోలు బూటు ఒక్కోటి 700 గ్రాములుంటే మీరు 390 అని డబ్బా మీద రాసి ఉంది. నా కళ్ళు చెమ్మగిల్లాయి.

ఇంటికొచ్చి, మా ఆవిడ కేకుల కోసం కొనుక్కున్న కాటా మీద మిమ్మల్ని తూచాను. 432. డబ్బా మీద వేసే బరువు ఏదో మధ్యస్థం సైజుదట, నాది పదో నంబరు. ఆ కాటాని మా ఆవిడ ఆ పూటే నాకు శాశ్వతంగా రాసిచ్చేసింది. పోనీ, జంట మీద అర కిలో పైచిలుకు మిగిలిందిగా, అయిదుతో గుణిస్తే వీపు మీద రెండున్నర కిలోలు ఆదా. ఆ ఆదా అయిన చోట ఆవకాయ సీసా, ఇద్దరికి సరిపడా పులిహోర, ఇటికెంత పవర్‌బ్యాంకు, ఒక గొడుగు పెట్టుకున్నాను. నడుం చుట్టూ పదేళ్ళుగా నేను మోస్తున్న ఎనిమిది కిలోల ప్రస్తావన ఆ లెక్కలో ఎక్కడా రాలేదు, మీరూ గుర్తు చేయలేదు.

షాపులో మీ ప్రవర్తన గురించి కూడా చెప్పాలి. అక్కడో చెక్క ఏటవాలు ఉంది, పైన ఉత్తుత్తి రాళ్ళు అతికించి. దాని మీదకి రెండుసార్లు ఎక్కాను. మడమ కదల్లేదు, వేళ్ళు ఒత్తుకోలేదు. "పర్ఫెక్ట్ ఫిట్ సార్" అన్నాడు కుర్రాడు. దిగడం ఎవరు చూస్తారు? చూడాల్సింది దిగడమే. ఎక్కేటప్పుడు కొండ మన ఊపిరి తీస్తుంది, దిగేటప్పుడు గోళ్ళు తీస్తుంది. పైగా నేను వెళ్ళింది పొద్దున పదకొండింటికి, ఆఫీసు పల్చటి సాక్సులతో. పాదాలు సాయంత్రానికి ఎంతో కొంత వాస్తాయి, కొండ మీద మరీను. సాయంత్రం పూట, కొండ మీద వేసుకునే మందపాటి సాక్సులతోనే వెళ్ళి, అదే చెక్క మీద దిగుతూ బొటనవేలు ముందుకు తన్నుకుంటోందేమో చూడాలని నాకు తెలిసేసరికి కుడికాలి బొటనవేలి గోరు నన్ను విడిచి వెళ్ళిపోయింది. మళ్ళీ పూర్తిగా రావడానికి దానికి ఏడాది పట్టింది.

సరే, అసలు సంగతికొస్తాను. మీ ఘనతంతా మీ లోపలి పొరలో ఉంది. దాని వంశవృక్షం కూడా చదివాను. 1969లో అమెరికాలో బాబ్ గోర్ అనే ఆయన వేడిచేసిన టెఫ్లాన్ కడ్డీలను మెల్లగా సాగదీస్తుంటే అవి పుటుక్కున తెగిపోతున్నాయి. విసుగొచ్చి ఒకదాన్ని ఒక్క గుంజు గుంజాడు. తెగలేదు సరికదా, ఎనిమిదింతలు సాగింది. అలా సాగిన పొర నిండా కంటికి కనబడని రంధ్రాలు. నీటిబొట్టు కంటే ఇరవై వేల రెట్లు చిన్నవి, ఆవిరి అణువు కంటే ఏడువందల రెట్లు పెద్దవి. అంటే వాన లోపలికి రాలేదు, చెమట ఆవిరై బయటికి పోగలదు. మీ పొర ఆయన కంపెనీది కాదు, దాయాది వరస. అయితేనేం, మా నాన్‌స్టిక్ దోసె పెనం పూతకి చుట్టరికం కలిసే పొర నా కాలికి రక్షగా వస్తోందని తెలిసి ఆ రాత్రి దోసెలు కూడా భక్తితో తిన్నాను.

కానీ ఆవిరి ఊరికే పోదు కదా. లోపల ఉక్క ఎక్కువ, బయట పొడి ఎక్కువ ఉంటే ఆ తేడా దాన్ని బయటికి తోస్తుంది. ఈ ఏర్పాటు చలి దేశాలకి నప్పేది. మిమ్మల్ని నేను తీసుకెళ్ళింది జులైలో, పాడేరు కొండల్లోకి. ఆషాఢంలో కొత్త అల్లుడు అత్తారింటి గడప తొక్కకూడదంటారు. పెద్దవాళ్ళు ఆ నియమం బూట్లకీ పెట్టి ఉంటే బాగుండేది.

పాడేరు దాటాక కాఫీ తోటల్లోంచి కాలిబాట. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని పట్టుకు పాకిన మిరియాల తీగలు, కింద ఎర్రమట్టి. వాన ఆగదు, గాలి ఆడదు. ఊపిరి పీలిస్తే సగం నీళ్ళే. అక్కడ బయట గాలే తడిసి ముద్దయి ఉంటే మీ లోపలి ఆవిరి ఎక్కడికని పోతుంది? దానికి తోడు మీ పైబట్ట మీద నీటిబొట్లు జారిపోవడానికి పూసిన పూత గంటకే చేతులెత్తేసింది. బట్ట తడిసి బరువెక్కింది, ఉన్న దారీ మూసుకుపోయింది. తొమ్మిదింటికి నా సాక్సులు చెమ్మగా ఉన్నాయి. పదకొండింటికి పిండుకునేలా ఉన్నాయి. బయటి నుంచి ఒక్క చుక్క రాలేదు, ఒప్పుకుంటాను. ఆ నీళ్ళన్నీ నా సొంతం.

తర్వాత గెడ్డ, అదే కొండవాగు, వచ్చింది. మోకాళ్ళ లోతు. మీరు నిజాయతీగా చీలమండ దాకా ఆపారు. అంతకు పైన నీళ్ళకి తలుపు తీసే ఉందని మీకూ తెలుసు, గెడ్డకీ తెలుసు. తెలియనిది నాకే. మాకు దారి చూపిస్తున్న కుర్రాడు సంతలో కొన్న ప్లాస్టిక్ శాండిల్స్‌తో ఎప్పుడో అవతలి గట్టెక్కి నిలబడ్డాడు. రెండు బిందెలు కాళ్ళకి కట్టుకున్నట్టు నేను వెళ్తుంటే చాలాసేపు చూశాడు.

"ఆటిలోకి నీళ్ళు రావా సార్?"

"రావు. వాటర్‌ప్రూఫ్."

"మరి ఎల్లడానికి?"

దీనికి జవాబు మీ డబ్బా మీద లేదు. పదిహేను రోజుల నా చదువులోనూ ఎదురు కాలేదు. అతని చెప్పుల్లోకి నీళ్ళు అటునుంచి వచ్చాయి, ఇటునుంచి పోయాయి. పది నిమిషాల్లో అతని కాళ్ళు ఆరిపోయాయి. నేను బండ మీద కూర్చుని మిమ్మల్ని ఒక్కొక్కరిగా బోర్లించాను. కుడి బూటులోంచి గ్లాసుడు, ఎడమ బూటులోంచి గ్లాసున్నర. లేవబోయి ఆ బండ మీది నాచుకే జారి పడ్డాను.

ఈ జారడం గురించి ఒక మాట. 1935లో ఆల్ప్స్‌లో తుఫానులో చిక్కుకుని ఆరుగురు పర్వతారోహకులు చనిపోయారు. వాళ్ళ కాళ్ళకున్నవి ఆ చలికి సరిపోని బూట్లు. వాళ్ళ మిత్రుడు విటాలె బ్రమాని ఆ దుఃఖంతో రబ్బరు టైరు పళ్ళలాంటి అడుగు తయారుచేశాడు. ఇవాళ కొండ బూట్ల కింద కనిపించే గాడులన్నీ ఆ సోలు సంతానమే. గొప్ప పని, చేతులెత్తి మొక్కాలి. కానీ తడి నాచు మీద ఏ గాడులూ పట్టవు. బూట్ల వేటలో నేను గ్రాములు లెక్కపెట్టాను, పొరలు లెక్కపెట్టాను. అడుగు తిప్పి రబ్బరు మెత్తగా ఉందా గట్టిగా ఉందా అని గోటితో ఒక్కసారి నొక్కి చూశానా? చూడలేదు. "వాటర్‌ప్రూఫ్" అన్న మాట అంత పెద్ద అక్షరాల్లో ఉంటే మిగతావేవీ కంటికి ఆనవు.

ఆ రాత్రి లాడ్జిలో మీకు జరిగిన మర్యాద కొత్త అల్లుడికి కూడా జరగదు. పొయ్యి దగ్గర పెడితే జిగురు వదిలేస్తుందట, ఎండలో పెడదామంటే ఎండే లేదు. కాబట్టి దినపత్రిక కుక్కాను. గంటకోసారి తడి కాగితం తీసి పొడి కాగితం పెట్టాను. తెల్లవారేసరికి మెయిన్ ఎడిషన్, జిల్లా అనుబంధం, క్లాసిఫైడ్స్ అన్నీ తాగేశారు, అయినా మీ దాహం తీరలేదు. బయటికి దారివ్వని పొర ఆరడానికి మాత్రం దారిస్తుందా? తోటి మిత్రుడి మామూలు మెష్ బూట్లు, ఏ పొరా లేనివి, తడవడం మొదటి అరగంటలోనే తడిసాయి. సాయంత్రానికే సగం ఆరాయి కూడా. మీరు ఆరడానికి నాలుగు రోజులు పట్టింది. తిరుగు ప్రయాణంలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఏసీ బోగీలో ఎదుటి బెర్తు పెద్దాయన ముక్కు ఎగబీల్చి, "ఎండుచేపలా బాబూ? విశాఖలో కిలో ఎంతకిచ్చారు?" అనడిగాడు. నేను కిటికీలోంచి సామర్లకోట చూస్తూ ఉండిపోయాను.

అన్యాయంగా మాట్లాడకూడదు. 2019 డిసెంబరులో ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ ఎక్కినప్పుడు మీరు దేవుళ్ళు. 12,500 అడుగులు, మంచు, ఎముకలు కొరికే పొడి చలి. బూటు మూతిని కప్పే తొడుగులు, గేటర్లంటారు, పిక్కల దాకా కట్టుకున్నాను కాబట్టి పైనుంచి మంచు దిగలేదు. చెమట మీరు చెప్పినట్టే బుద్ధిగా బయటికి పోయింది. సాయంత్రం సాక్సులు విప్పితే పొడిగా ఉన్నాయి. ఆ గుడారంలో మీకు నేను మనసులో క్షమాపణ చెప్పుకున్నాను కూడా. మీ చదువు ఒక ఊరిది, ఉద్యోగం ఇంకో ఊళ్ళో వేయించింది నేను. కానీ మహానుభావా, ఆ మాట డబ్బా మీద ఒక్క ముక్క రాసుకుంటే మీ సొమ్మేం పోయింది? "చలికి, మంచుకి మంచివి. ఉక్కపోత కొండలకి కావు" అని. మా నాటు మందుల వాళ్ళు కూడా పథ్యం చెప్పి ఇస్తారు.

ఇంతా చేసి మీ సేవలో నేను లోటు చేశానంటారా? గోరువెచ్చని నీళ్ళతో కడిగాను. 900 రూపాయల స్ప్రే కొట్టాను. ఆ తర్వాత కరోనా వచ్చింది, కొండలు మూసేశారు. మిమ్మల్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి, నాలుగు కలరా ఉండలు వేసి, మూతి బిగించి అటక ఎక్కించాను. పట్టుచీరకి కూడా అంత జాగ్రత్త తీసుకోరు.

అదే మీ ప్రాణం తీసిందని మొన్న తెలిసింది. మీ అడుగుకీ నా పాదానికీ మధ్య మెత్తగా ఉండేది పాలీయురేతేన్ నురుగట. గాలిలోని తేమ మెల్లమెల్లగా దాని గొలుసుల్ని తెంపుతుంది. కొన్నేళ్ళకి అది పిండైపోతుంది. తొడిగి నడుస్తూ ఉంటేనే నయం, కవరులో బిగించి పెడితే లోపలి తేమ కూడా పోదు, ఇంకా త్వరగా పోతారట. ఇదంతా చదివాక కాసేపు మాట రాలేదు. గెడ్డలో మునిగి చావని మీరు, మా అటక మీద, గాలిలోని చెమ్మకి పోయారు. ఒక్క చుక్క తగలకుండా.

వీధి చివర చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన మిమ్మల్ని అటూ ఇటూ తిప్పి, వేలితో రాసి, ఆ పిండిని ఊది, "దీనికి కుట్టడానికేం మిగిలింది సార్? పైది మాత్రం బలే గట్టిది" అన్నాడు. పైది బలే గట్టిదనే మా ఆవిడా అంది. వరండాలో పెట్టి, మట్టి నింపి, ఒక్కోదాంట్లో ఒక మనీప్లాంట్ కొమ్మ గుచ్చింది. నిజం చెప్పొద్దూ, ముచ్చటగా ఉన్నారు. ఎన్ని నీళ్ళు పోసినా కింద గచ్చు తడవలేదు.

ఇట్లు,
మీ పూర్వ యజమాని

తా.క.: ఉత్తరం పోస్టు చేసేలోపు రెండు కొమ్మలూ పసుపెక్కాయి. పీకి చూస్తే వేళ్ళు కుళ్ళి ఉన్నాయి. మళ్ళీ ఆ చెప్పులాయన దగ్గరికే మోసుకెళ్ళాను. దబ్బనంతో ఒక్కోదానికి మూడు బెజ్జాలు పొడిచి, ఇరవై రూపాయలు తీసుకున్నాడు. ఇప్పుడు వెళ్తున్నాయి.