కొమ్మ విరిచే ముందు ఒక్క మాట అడగరా?

కార్తీకం వచ్చిందంటే మా నెల్లూరులో పెరడున్న వాళ్లకి టెన్షనే. అసలే ఈశాన్య రుతుపవనాల కాలం, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఒక వాయుగుండం పోతే ఇంకోటి, మిరప మొదళ్లలో నీళ్లు నిలిచి వేర్లు కుళ్లిపోతున్నాయి, వంగ ఆకులు పండుబారి రాలుతున్నాయి. సరే, వానని ఏమనగలం. కానీ క్షీరాబ్ది ద్వాదశికి తులసి పక్కన పెట్టడానికి ఉసిరి కొమ్మ కావాలని, గోడ మీద నుంచి చెయ్యి పెట్టి మెలితిప్పి లాగేస్తే ఎట్లా? కాండం మీద జానెడు బెరడు ఊడొచ్చి లోపల తెల్లగా కనిపిస్తోంది, ఆ గాయంలోకి వాన నీళ్లు దిగుతున్నాయి. కొమ్మ నిండా ఉన్న పచ్చి కాయల్లో సగం కాలవపాలు. దేవుడికని అడిగితే ఎవరైనా ఇవ్వనంటారా? తలుపు కొడితే నేనే రెండు రెమ్మలు కత్తెరతో కోసి చేతిలో పెడతాను కదా!