మందు కొట్టనందుకు రసీదు

తప్పు చేయనివాడు తాను చేయలేదని ఏటా డబ్బు కట్టి నిరూపించుకోవాలి, చేసినవాణ్ని ఎవరూ అడగరు. ఇంత చక్కటి న్యాయం లోకంలో ఎక్కడుంటుందని మీకు అనుమానం రావచ్చు. కూరగాయల సాగులో ఉంది. ఏ మందు ఎన్నిసార్లు కొట్టాడో బుట్టమీద రాసి అంటించమని మామూలు రైతును ఎవరూ అడగరు. కొట్టనివాడు మాత్రం తన పంట సేంద్రియం, అంటే ఆర్గానిక్ అని చెప్పుకోవాలంటే సర్టిఫికెట్ కోసం దరఖాస్తు పెట్టాలి, ఫీజు కట్టాలి, తనిఖీకి వచ్చేవారికి చూపించడానికి రికార్డు రాయాలి. ‘వాడిన మందు: లేదు. మోతాదు: లేదు.’ చేయని పనికి ఇన్ని గడులు నింపే వృత్తి మరొకటి నాకు తెలియదు.

దీనికి ముందు పరివర్తన కాలం అనే ఘట్టం ఒకటుంది. అమెరికా నిబంధనల ప్రకారం నిషేధిత మందులు, ఎరువులు ఆపి 3 ఏళ్లు గడిచాకే కోసిన పంటను ఆర్గానిక్ అని అమ్ముకోవాలి. యూరోపియన్ యూనియన్‌లో ఏడాది పంటలకైతే విత్తనం వేయడానికి ముందు 2 ఏళ్లు. ఈలోగా దిగుబడి తగ్గుతుంది, ధర మాత్రం పెరగదు. నేల శుద్ధి కావాలంటే ఆ మాత్రం ఓపిక ఉండాలి కదా! ఆ రెండు మూడేళ్లూ ఇంటిల్లిపాదీ తిండి తగ్గించుకుంటే నేలతోపాటు వాళ్లూ శుద్ధి అవుతారు, ఖర్చూ కలిసొస్తుంది. ఇంత ఓపిక లేని ప్రభుత్వాలూ ఉన్నాయి. శ్రీలంక 2021 మే నెలలో రసాయన ఎరువుల దిగుమతి ఆపేసి, నవంబరులో మళ్లీ తలుపులు తెరిచింది. ప్రభుత్వం ఒక ఉత్తర్వుతో వెనక్కి వెళ్లగలదు. రైతుకు పోయిన కాపు పోయినట్టే.

ఇక ఎరువు లెక్క. యూరియాలో నత్రజని 46 శాతం. పశువుల ఎరువులో సుమారు అర శాతం. అంటే 100 కిలోల యూరియాలో ఉన్న నత్రజని కావాలంటే 9 టన్నుల ఎరువు తోలాలి. అదైనా మొదటి ఏడే మొత్తం మొక్కకు అందదు, నేల తన తీరిక చూసుకుని కొంచెం కొంచెంగా ఇస్తుంది. మోసేది ఎవరు, కలుపు తీసేది ఎవరు అని అడక్కండి. ఇంట్లోవాళ్లే చేసుకుంటే కూలి లెక్కలోకి రాదు. లెక్కలోకి రానిది ఖర్చే కాదని మా ఆర్థిక శాస్త్రం ఎప్పుడో తేల్చేసింది.

ఇంత కష్టపడితే లాభం ఉందా? ఉందనే చెబుతారు. 5 ఖండాల్లో 55 పంటల లెక్కలు కలిపి 2015లో చూస్తే, సేంద్రియ సాగులో లాభం 22 నుంచి 35 శాతం ఎక్కువని తేలింది. చప్పట్లు కొట్టే ముందు పక్క పేజీ కూడా తిప్పాలి. ఆ లాభమంతా మార్కెట్లో దొరికిన 30 శాతం దాకా అదనపు ధర పుణ్యం. నిజానికి 5 నుంచి 7 శాతం ఎక్కువిచ్చినా రసాయన సాగుతో సమానంగా గిట్టుబాటయ్యేది. అదీ లేకపోతే సేంద్రియ రైతే వెనకబడతాడు.

మరి రెండు బుట్టల టమాటా పట్టుకొచ్చిన సన్నకారు రైతుకు ఆ అదనపు ధర ఎవరిస్తారు? సర్టిఫికెట్ లేకపోతే అతని సరుకు కూడా పక్కవాడి కుప్పలోకే, పక్కవాడి ధరకే. సర్టిఫికెట్ తెచ్చుకుందామంటే ఫీజు, కాగితాల పని అరెకరానికీ ఐదెకరాలకీ పెద్ద తేడా ఉండవు. సాయంత్రానికి మెత్తబడే సరుకుతో బేరం ఆడటం ఎంత సుఖమో ఆడినవాడికే తెలుస్తుంది.

అలాగని మందుల దారిలో పూలు పరిచి లేవు. అక్కడ అప్పు ముందు మొలుస్తుంది, విత్తనం తర్వాత. క్యాబేజీని తినే డైమండ్ రెక్కల పురుగు 1953లోనే జావాలో డీడీటీని జీర్ణించుకుంది. పోనీ సేంద్రియ పక్షమా అంటే అదీ కాదు. సేంద్రియ రైతులు నమ్ముకున్న బీటీ అనే బ్యాక్టీరియా మందుకు కూడా ఆ పురుగు హవాయిలో అలవాటు పడిపోయిందని 1990లో బయటపడింది. ఈ వివాదంలో ఇరు పక్షాలనూ సమానంగా చూసింది నాకు తెలిసి ఆ పురుగొక్కటే.

అందుకే ఒక మనవి. ఫీజులూ తనిఖీలూ ఎందుకు? ఆకుకు పురుగు పెట్టిన చిల్లినే సర్టిఫికెట్‌గా గుర్తిస్తే సరిపోతుంది. పైసా ఖర్చు లేదు, దొంగ సంతకం కుదరదు. ఈ ఆలోచన కొనేవాళ్లకు నచ్చుతుందో లేదోనని ఒక అమ్మకం దగ్గర నిలబడి చూశాను. ఒకాయన క్యాబేజీ చేతిలోకి తీసుకున్నాడు. తిప్పాడు. చిల్లి కనబడింది, పక్కన పెట్టాడు. ఇంకొకటి, అదీ పక్కనే. నాలుగోది నున్నగా, మెరుస్తూ దొరికింది.

‘‘ఇది ఆర్గానిక్కేనా?’’ అన్నాడు.

రైతు తలూపాడు.

‘‘అయితే పై ఆకులు తీసేసి తూచు.’’