"ఆటో తోలుకో పో" అన్న నోళ్లా సంస్కారం నేర్పేది?

రాత్రి నుంచి ఒడిశాలోని మన బరంపురం, పర్లాకిమిడి, రాయగడ తెలుగు గ్రూపులన్నిటిలో మళ్లీ ఆ అడిలైడ్ టెస్టు వీడియో ముక్కే తిరుగుతోంది. మన బౌలర్ సిరాజ్ బంతికి ఆస్ట్రేలియా బ్యాటర్ ట్రావిస్ హెడ్ వికెట్లు ఎగిరిపోవడం, సిరాజ్ పెవిలియన్ వైపు చెయ్యి చూపించి "పో" అనడం. 2024 డిసెంబర్ నాటి సంగతి. ఎవరు తవ్వి తీశారో, ఎందుకు తీశారో గానీ కింద రాతలు చదువుతుంటే ఒళ్లు మండిపోతోంది. పెంపకం అట, సంస్కారం అట, చదువు లేకపోతే ఇంతే అట. ఒక పెద్దమనిషి "ఆటోవాడి కొడుకు కదా" అని రాసి పక్కన నవ్వు బొమ్మ పెట్టాడు. దానికి మనవాళ్లే వరసపెట్టి లైకులు కొట్టారు.

అసలు ఆ పూట ఏం జరిగిందో తెలుసా మీకు? హెడ్ సొంత ఊరు అడిలైడ్. 141 బంతుల్లో 140 కొట్టాడు, 17 ఫోర్లు, 4 సిక్సులు. మనవాళ్లందరినీ ఉతికేశాడు. సిరాజ్‌ని కూడా సిక్సు కొట్టాడు, ఆ వెంటనే బౌల్డ్ అయ్యాడు. అప్పుడు ఇద్దరి మధ్యా మాటలు నడిచాయి. తను "బాగా వేశావ్" అన్నానంతేనని హెడ్ ఆ సాయంత్రం చెప్పాడు. అది అబద్ధమని, అతనన్నది ఆ మాట కాదని సిరాజ్ మర్నాడు టీవీలో చెప్పాడు. మీ గ్రూపులో తిరిగే ముక్క వికెట్లు పడ్డ దగ్గర మొదలై సిరాజ్ చెయ్యెత్తగానే ఆగిపోతుంది. హెడ్ నోరు కదిలినది అందులో లేదు. మైకులో వినపడి ఉంటుందంటారా? స్టంప్ మైకు వికెట్ల దగ్గర ఉంటుంది, పిచ్ మధ్యలోకి వచ్చి ఒకడు అరిచినదీ నడిచి వెళ్తూ ఇంకొకడు గొణిగినదీ దానికి సరిగా అందకపోవచ్చు. పైగా ఆ శబ్దం ఎప్పుడు పెంచాలో ఎప్పుడు తగ్గించాలో ప్రసారం చేసేవాళ్ల చేతిలో ఉంటుంది. అంటే ఆ మాటలు విన్నవాడు మీలో ఒక్కడూ లేడు, పెంపకం మీద తీర్పు మాత్రం అందరూ ఇచ్చేశారు.

తప్పు లేదని నేను అనట్లేదు. ఔటైన బ్యాటర్ని రెచ్చగొట్టే మాటా సైగా చేయకూడదని ఐసీసీ నియమావళిలో 2.5 నిబంధన ఉంది. ఫీల్డ్ అంపైర్లు ఫిర్యాదు రాస్తారు, మ్యాచ్ రిఫరీ శిక్ష చెప్తాడు, ఆటగాడు ఒప్పేసుకుంటే విచారణ ఉండదు. సిరాజ్ ఒప్పుకున్నాడు. మ్యాచ్ ఫీజులో 20 శాతం పోయింది, ఒక డీమెరిట్ పాయింట్ పడింది. 24 నెలల్లో అలాంటివి నాలుగైతే మ్యాచ్ నిషేధం. 2025 జూలైలో లార్డ్స్‌లో ఇంగ్లండ్ బ్యాటర్ డకెట్‌ని ఔట్ చేసి మొహమ్మీద అరిచినందుకు ఇంకో 15 శాతం, ఇంకో పాయింట్. అదీ కట్టాడు. ఇంకొకటి, అడిలైడ్‌లో హెడ్‌కి కూడా డీమెరిట్ పాయింట్ పడింది, ఎదుటి ఆటగాణ్ణి దూషించకూడదనే 2.13 నిబంధన కింద. జరిమానా లేదంతే. ఈ మాట మీ గ్రూపులో ఒక్కరైనా రాశారా? హెడ్ పెంపకం గురించి ఎవరూ అడగలేదేం?

ఎందుకంటే అతను మన సన్‌రైజర్స్‌లో సిక్సులు కొడతాడు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సిరాజ్ మాత్రం పరాయివాడు.

ఆటో మాట కొత్తది కాదు, అందుకే ఇంత మంట. 2019 ఐపీఎల్‌లో కోల్‌కతా మీద సిరాజ్ 2.2 ఓవర్లు వేసి 36 పరుగులిచ్చాడు. రెండు బీమర్లు పడ్డాయి, బౌలింగ్ నుంచి తప్పించారు. బీమర్ అంటే మామూలుగా కావాలని వేసేది కాదు. యార్కర్, అంటే బ్యాటర్ కాళ్ల దగ్గర పడే బంతి, వేయబోయినప్పుడు అది వేళ్లలోంచి వెంట్రుకవాసి ముందు జారినా నేలని తాకకుండా నడుము మీదికి వెళ్లిపోతుంది. చెమటకో మంచుకో బంతి తడిస్తే ఇంకా సులువుగా జారుతుంది. దానికి జనం ఏమన్నారో సిరాజే తర్వాత చెప్పుకున్నాడు: క్రికెట్ మానేసి పో, మీ నాన్నతో ఆటో తోలుకో అన్నారట. ఆ నాన్న 2020 నవంబర్‌లో పోయాడు. కొడుకు ఆస్ట్రేలియాలో ఉన్నాడు, ఆఖరి చూపుకి రాలేదు, అక్కడే ఉండి ఆడాడు. సిడ్నీలో గ్యాలరీలోంచి బూతులు తిన్నాడు, ఆట ఆపి అంపైర్లకి చెప్పాడు, కొంతమంది ప్రేక్షకుల్ని బయటికి పంపారు. అప్పుడు అందరం సిడ్నీవాళ్లని తిట్టాం. ఇప్పుడు అవే మాటలు మన తెలుగులో, మన ఫోన్లలో.

మన జిల్లాలవాళ్లు ఇలా రాయడం మరీ బాధ. తెలుగోళ్లకి గొంతెక్కువ అని ఇక్కడ మనల్ని ఎన్నిసార్లు అనలేదు? గోపాల్‌పూర్ ఒడ్డున వల లాగేవాళ్లు గట్టిగా అరుస్తారు. అలల హోరులో తాడు అవతలి కొసన ఉన్నవాడికి వినపడాలి కదా మరి! దాన్ని మొరటుతనం అంటే మనకి ఎంత కోపం వస్తుంది! బరంపురం ఆటో స్టాండులో కుర్రాడు గట్టిగా మాట్లాడితే "తెలుగోడు" అని మొహం తిప్పుకునేవాళ్ల మీద మనం పోస్టులు పెట్టలేదా? అదే కొలత తెచ్చి సిరాజ్ మీద పెడతారేటి?

ఆడపిల్లలైతే ఇంకా దారుణం. 2023లో ఢాకాలో మన మహిళా క్రికెటర్ హర్మన్‌ప్రీత్ బ్యాటుతో వికెట్లు కొట్టింది, బహుమతుల దగ్గర అంపైర్లని విమర్శించింది. తప్పే, ప్రత్యర్థిని అనడం కంటే పెద్ద తప్పు. మ్యాచ్ ఫీజులో 75 శాతం కోత, రెండు మ్యాచ్‌ల నిషేధం, అనుభవించింది. అయినా "ఆడదానికి అంత పొగరా" అని ఇప్పటికీ రాస్తున్నారు. నిబంధనల పుస్తకంలో ఆడ మగ తేడా లేదు, మీ దగ్గరే ఉంది.

2025 ఆగస్టు ఓవల్ టెస్ట్ గుర్తుందా? మన ప్రసిద్ధ్ బంతికి ఇంగ్లండ్ బ్యాటర్ బ్రూక్ 19 మీద ఇచ్చిన క్యాచ్ పట్టి సిరాజ్ బౌండరీ తాడు తొక్కేశాడు, అలా బతికిపోయిన బ్రూక్ 111 కొట్టాడు. ఆ రాత్రి ఇవే గ్రూపుల్లో ఇవే బూతులు. మర్నాడు పొద్దున సిరాజే వాళ్ల ఆఖరి వికెట్ అట్కిన్సన్‌ని యార్కర్‌తో బౌల్డ్ చేశాడు, 6 పరుగులతో గెలిచాం. ఆ సిరీస్‌లో అయిదు టెస్టులూ ఆడి 23 వికెట్లు తీశాడు. వెంటనే అందరి స్టేటస్‌లోనూ అతని ఫొటోయే. మీకు నచ్చనిది అతని నోరైతే అది ఓవల్లో కూడా ఉంది కదా!

అణకువగా ఉండేవాళ్లని మీరు ఏం చూసుకున్నారో కూడా అడగాలి. మన బరంపురం కాటూలు రవికుమార్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో స్వర్ణం ఎత్తాడు, 2014 గ్లాస్గోలో 77 కిలోలకి మారి రజతం తెచ్చాడు. అర్జున అవార్డు వచ్చింది. ఎవర్నీ పల్లెత్తు మాట అన్నట్టు నేనెప్పుడూ వినలేదు. వెయిట్‌లిఫ్టింగ్‌లో బార్ ఎత్తడానికి పిలిచాక మామూలుగా ఒక్క నిమిషం ఇస్తారు, ఒక్క ఊపులో తలపైకి ఎత్తే స్నాచ్ మూడు ప్రయత్నాలు, ముందు భుజాల దాకా తెచ్చి తర్వాత పైకెత్తే క్లీన్ అండ్ జెర్క్ మూడు ప్రయత్నాలు. ఎదుటివాణ్ణి చూసి అరవడానికి సందే లేదు, బరువుతోనే మాట్లాడాలి. మరి అంత నోరు మెదపని మనిషి గురించి మీ గ్రూపులో ఎన్ని పోస్టులు పెట్టారు? ఆయన ఏ విభాగంలో ఎత్తాడో చెప్పమంటే ఎంతమంది చెప్తారు? మాట్లాడినవాణ్ణి తిడతారు, మాట్లాడనివాణ్ణి మర్చిపోతారు.

ఆ ఆటో కామెంటు రాసిన పెద్దమనిషి ఇవాళ రాత్రిలోగా దాన్ని తీసెయ్యాలి. తియ్యకపోతే అడ్మిన్ తియ్యాలి. ఆ గ్రూపులో ఆటో తోలేవాళ్లున్నారు, వాళ్ల పిల్లలూ ఉన్నారు. పొద్దున్నుంచి వాళ్లలో ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు.