హిరగానా అక్షరానికో డాలరు

ఈమెయిల్ వ్యవస్థకు జపనీయులు తలపెట్టిన అపచారం గురించి ఇకనైనా మొహమాటం వదిలి మాట్లాడుకోవాలి. వాళ్ల భాషలో అక్షరాలు మరీ ఎక్కువ.

1982లో ఆర్‌ఎఫ్‌సీ 821 అనే పత్రంలో ఈమెయిల్ రవాణా నియమాలు రాసిన అమెరికన్ పెద్దలు లోకమంతటికీ కలిపి ఉదారంగా ఏడు బిట్లు ధారపోశారు. అంటే 128 గళ్లు, గడికో అక్షరం. కంటికి కనబడని ఆజ్ఞాసంకేతాలకు 33 పోయినా పెద్దబడి, చిన్నబడి ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, డాలరు గుర్తు మిగులుతాయి. మర్యాదస్తులకు ఇంకేం కావాలి? జపాన్ మాత్రం అంతకు నాలుగేళ్ల ముందే, ఎవరినీ అడక్కుండా, చైనా నుంచి తెచ్చుకున్న 6,349 కంజీ అక్షరాలకు ప్రమాణ పట్టిక కట్టేసుకుంది.

పోనీ, తర్వాతైనా గొడవపడ్డారా అంటే అదీ లేదు. మారువేషం కట్టారు. రోమన్ అక్షరాలు, గుర్తులు 94 తీసుకుని రెండేసి చొప్పున జతకడితే 8,836 జతలు. ఒక్కో జపనీస్ అక్షరానికి ఒక్కో జత. దారిలో తనిఖీ చేసే యంత్రానికి అది ఏదో పిచ్చి ఇంగ్లీషులా కనిపిస్తుంది, వదిలేస్తుంది. ఎస్కేప్ అనే ఆజ్ఞాసంకేతం, డాలరు గుర్తు, బి అని వస్తే 'ఇక్కణ్నుంచి జపనీస్'. ఎస్కేప్, ఎడమ బ్రాకెట్టు, బి అని వస్తే 'మళ్లీ బుద్ధిగా ఇంగ్లీషు'. జపాన్ విశ్వవిద్యాలయాల నెట్‌వర్క్ జునెట్‌లో వాడుకలో ఉన్న ఈ పద్ధతినే 1993లో ఆర్‌ఎఫ్‌సీ 1468గా, ఐఎస్ఓ-2022-జేపీ పేరుతో రాసిపెట్టారు. అందులో నాకు నచ్చిన నిబంధన ఒకటుంది: ప్రతి వరుసా ముగిసేలోపు రోమన్ వేషంలోకి తిరిగి రావాలి. రాత్రి జపనీస్‌లో పడుకోవడం నిషిద్ధం!

ఇక ఆ ఎస్కేప్ కంటికి కనబడదు. దారిలో ఏ అతిశుభ్రత గల యంత్రమో దాన్ని ఊడ్చేసిందా, వేషం ఒక్కటే మిగులుతుంది. పట్టికలో జపాన్ సొంత మాటల లిపి హిరగానా అంతా నాలుగో వరుస, కాబట్టి ప్రతి అక్షరంలో మొదటి సగం డాలరు గుర్తే. కతకానా అయిదో వరుస, అక్కడ శాతం గుర్తు. 'కొన్నిచివా' (నమస్కారం) అని అయిదక్షరాలు రాస్తే అవతల అయిదు డాలర్లు రాలతాయి. హోటల్, బీరు లాంటి అరువు మాటలు కతకానాలో రాస్తారు గనుక వాటికి వడ్డీ శాతాలు. కుశలమడిగిన ఉత్తరం అప్పు నోటీసై చేరుతుంది.

సున్నలో ఒకటి, సున్నలో రెండు అంటూ ఎజెండా రాసుకునే గుమాస్తాలది ఇంకో కథ. ఆ గుర్తులు ఈ ప్రమాణ పట్టికలో లేవు, కంపెనీలు ఎవరికి వారు ఖాళీ గళ్లలో ఇరికించుకున్నవి. విండోస్‌లో మొదటి అంశం మకింతోష్‌లో 'ఆదివారం' అయ్యేది, రెండోది 'సోమవారం'. సమావేశానికి ఎవరు ఏ రోజు వచ్చారో చరిత్ర చెప్పదు.

అయితే ఆ ప్రమాణ పట్టిక నిష్ఠను శంకించకండి. షిగా జిల్లాలో ఒక ఊరి పేరు కోసం 'కొండ', 'స్త్రీ' ముక్కలను కాగితం మీద అతికించి ఒక అక్షరం తయారుచేస్తే, అతుకు దగ్గర పడిన నీడను గీత అనుకున్నారు. ఆ నీడతో సహా దానికి అధికారిక సంఖ్య దక్కింది. ఎక్కణ్నుంచి వచ్చిందో నేటికీ తేలని అక్షరం ఇంకొకటుంది. ఈ దయ్యాలు రెండూ ఏ ఈమెయిల్‌లోనైనా దర్జాగా ప్రయాణం చేశాయి. ఇంటిపేరులోని 'తక'ను నిచ్చెన ఆకారంలో రాసుకునే తకహషి గార్లకు మాత్రం పట్టికలో చోటు లేదు. వాళ్లు ఫిర్యాదు పంపుకోవచ్చు, కాకపోతే సంతకం దగ్గర మామూలు 'తక' వాడాలి.

ఇప్పుడు లోకంలోని లిపులన్నిటికీ కలిపి యూటీఎఫ్-8 పద్ధతి వచ్చి తకహషి గార్లనూ దయ్యాలనూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టింది. కంజీకి మూడు బైట్లు, వాటిని రోమన్ అక్షరాల వేషంలోకి మార్చే బేస్64 ముసుగు వేస్తే నాలుగు. రెండు బైట్లతో సరిపెట్టుకున్న పాత పద్ధతితో పోలిస్తే శుద్ధ దుబారా అని రాయబోయి, అలవాటుకొద్దీ మన 'స్త్రీ'ని లెక్కగట్టాను. సకారం, తకారం, రకారం, రెండు పొల్లులు, ఒక గుడిదీర్ఘం: 18 బైట్లు, ముసుగుతో 24. ఈ సంగతి టోక్యో దాకా వెళ్లనివ్వకండి.