తక్కువ మనిషి: వాడకందారులకు సూచనలు

'వీళ్లసలు మనుషులేనా!' అని కోపంలో అనేవాళ్లు ఈ విద్యలో ఓనమాలు కూడా రానివాళ్లు. కోపం పొద్దుగూకేసరికి చల్లారుతుంది. 'మనిషికన్నా తక్కువ' అన్న మాట నిలబడాలంటే తొణకని బుర్ర, ఫైలు, రబ్బరు స్టాంపు కావాలి.

ముందు కొలత తేల్చుకోవాలి. 1787 నాటి అమెరికా రాజ్యాంగం సీట్ల పంపకానికి బానిసలను అయిదుగురికి ముగ్గురి చొప్పున లెక్కించమంది. అయిదుగురినీ అయిదుగురుగానే లెక్కించాలని పట్టుబట్టింది ఎవరనుకున్నారు? యజమానుల రాష్ట్రాలే! తలలు పెరిగితే ప్రతినిధుల సభలో సీట్లు పెరుగుతాయి మరి. 'బానిస' అని రాస్తే బాగుండదని 'ఇతర వ్యక్తులు' అన్నారు. మర్యాదస్తులు.

పేరు అరువు తెచ్చుకున్నా తప్పులేదు. లోత్రాప్ స్టోడార్డ్ అనే అమెరికన్ 1922లో 'అండర్ మ్యాన్' అని రాస్తే, 1925లో అది జర్మన్‌లోకి 'ఉంటర్‌మెన్ష్'గా దిగింది. 1942లో హిట్లర్ నాజీ పార్టీ సాయుధ దళం ఎస్ఎస్ వాళ్లు అదే పేరుతో ఫొటోల పుస్తకం వేశారు.

చిక్కంతా అమలులోనే. యూదుల రక్తం వేరన్నారు నాజీలు, సరే, వేరని తేల్చే పరీక్ష ఏది? లేదు. అందుకే జర్మనీలో 1935 నవంబరు ఉత్తర్వు తాతలనూ అవ్వలనూ కలిపి నలుగురిని లెక్కపెట్టమంది. ముగ్గురు యూదులైతే మనవడు యూదుడు. ఒక్కరే అయితే రెండో తరగతి మిశ్రముడు. ఇద్దరైతే మొదటి తరగతి, అదీ కొన్ని షరతులకు లోబడి. మరి తాత యూదుడని ఎలా తెలిసేది? యూదు మత సమాజం రిజిస్టరులో పేరుంటే చాలు. అంతటి జాతిశాస్త్రమూ ఆఖరికి ఓ గుమాస్తా దస్తూరీ మీద ఆధారపడింది.

వ్యాకరణంలో ఒకటే నియమం: ఎప్పుడూ బహువచనం వాడాలి. ఒక్కణ్ణి విడిగా నిలబెట్టారో, వాడు దగ్గుతాడు, తెగిన చెప్పు సర్దుకుంటాడు, కూతురి పేరు చెబుతాడు. మాట అక్కడికక్కడే చెడిపోతుంది. దీనికీ విరుగుడు కనిపెట్టారు. సర్కారు జాబితాలోని యూదు పేరు లేని జర్మనీ యూదులకు 1939 జనవరి 1 నుంచి మగవాళ్లయితే 'ఇజ్రాయెల్', ఆడవాళ్లయితే 'సారా' తగిలించారు.

పోలికకు పశువు పనికిరాదు. దానికి మేత వెయ్యాలి, కుంటితే జాలి పడాలి. పురుగు మేలు: చంపితే శుభ్రం చేసినట్టే. ఆఫ్రికా దేశం రువాండాలో 'ఇన్యెంజి' అంటే బొద్దింక. 1960లలో సరిహద్దు దాటి దాడిచేసే టుట్సీ తెగ సాయుధులను అలా అన్నారు. 1994లో నరమేధం నాటికి అది టుట్సీలందరికీ, చంకలో బిడ్డతో సహా వర్తించింది. ఊరూరా వినబడేలా చేయడానికి ఒక రేడియో కేంద్రం సరిపోయింది.

ఒక హెచ్చరిక. మాట మాత్రమే అన్నామంటే కోర్టులు ఊరుకోవడం లేదు. రువాండా రేడియో, పత్రికల వాళ్లు ముగ్గురికి 2003లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ శిక్షలు వేసింది. అంతకుముందు, యూదులపై విషం చిమ్మిన పత్రిక నడిపిన జూలియస్ స్ట్రైకర్‌ను నాజీ నేతలను విచారించిన న్యూరెంబర్గ్ కోర్టు తీర్పు మేరకు 1946లో ఉరితీశారు. అతనికి లాయరునిచ్చారు, వాదన విన్నారు. తాతలెవరని మాత్రం ఎవరూ అడగలేదు.