పొద్దుట పచ్చగా ఉండే ప్రెషర్ గేజి గారికి

గేర్లపెట్టెలో నూనె ఒత్తిడిని కొలిచే మహారాజశ్రీ ట్రాన్స్‌మిషన్ ప్రెషర్ గేజి గారి దివ్యసముఖానికి, బుల్డోజరు యజమాని నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని రాయడానికి చెయ్యి రావడం లేదు. తమరు కుశలమే, తెల్లారితే పచ్చ పట్టీ మీద నిటారుగా నిలబడతారు. కుశలం లేనిది నాకూ, గుట్ట వాలులో బ్లేడు దించుకుని కూర్చున్న డోజరుకూ.

నిన్న మెకానిక్ గారు వచ్చారు, పొద్దున ఆరున్నరకు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి కాబట్టి ఎండ ముదరకముందే పని చూసుకుని పోవాలని ఆయన పట్టుదల. ఇంజను స్టార్ట్ చేశాం. మీరు చకచకా లేచి పచ్చ పట్టీ మధ్యలో నిలిచారు. మొదటి గేరు, రెండో గేరు, రివర్సు, దేనికీ మీరు చలించలేదు. ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు బడిలా ఎక్కడలేని క్రమశిక్షణ! ఆయన నా వైపు జాలిగా చూసి, "ప్రెషరు బ్రహ్మాండంగా ఉందండీ, మీ ఆపరేటర్‌కే నడపడం రావడం లేదు" అని తేల్చి, చార్జీలు పుచ్చుకుని బండెక్కారు. పన్నెండు దాటాక మీ ముల్లు సన్నగా వణకడం మొదలుపెట్టింది. రెండున్నరకల్లా ఎర్ర పట్టీలో పడుకుంది. మొరం కుప్ప ముందు ఇంజను అరుస్తోంది, చైన్లు మాత్రం కదలవు. కింద టిప్పర్లు వరుస కట్టాయి. వాటి వెయిటింగ్ కూడా నా ఖాతాలోకే.

అయ్యా, తమరు పొద్దున అబద్ధం చెబుతున్నారని అనను. చల్లటి నూనె చిక్కగా ఉంటుంది. పంపు ఎంత అరిగినా, సీలు రింగులు ఎంత వదులైనా ఆ సందుల్లోంచి అంత తేలిగ్గా జారిపోదు కాబట్టి ప్రెషరు నిలుస్తుంది. నూనె 80 డిగ్రీలు దాటాక పలచబడి, దొరికిన సందల్లా దూరుతుంది. ప్రెషరు తగ్గితే క్లచ్ ప్లేట్లు గట్టిగా అదుముకోవు, జారతాయి. జారితే రాపిడి, రాపిడికి వేడి, వేడికి నూనె ఇంకా పలచన, ప్రెషరు ఇంకా తక్కువ. ఇది మీకు తెలుసు, నాకు తెలుసు, పదో తరగతి తప్పిన మా హెల్పర్‌కీ తెలుసు. తెలియనిదల్లా చల్లటి పూట వచ్చిపోయే మెకానిక్కులకే.

అంతకుముందు వచ్చినవారి ఘనకార్యాలూ తమరు చూశారు. ఒకాయన ఫిల్టర్ మార్చి అంతా అయిపోయిందన్నారు. ఇంకొకాయన రిలీఫ్ వాల్వు విప్పి, కడిగి, స్ప్రింగు ఇంకా బిగిసేలా దాని వెనక షిమ్ములు, అంటే పలచటి రేకు బిళ్లలు, పెట్టారు. ఆ పొద్దున మీరు పచ్చ పట్టీ దాటి కూడా చూపించారు, మధ్యాహ్నానికి మళ్లీ మామూలే. రిలీఫ్ వాల్వు ఉన్నది మిగులు నూనెను వదలడానికి. మిగులే లేనిచోట దాన్ని ఎంత బిగిస్తే ఏం లాభం? ఆటోనగర్‌లో విడిభాగాల దుకాణదారు చిక్కటి నూనె పోయమన్నాడు, ఆయన దగ్గర నిల్వ ఉన్నది అదే మరి. మరొకరు తెచ్చిన టెస్ట్ గేజి పీఎస్ఐలో, అంటే చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని, ఉంది, మన పుస్తకమేమో చదరపు సెంటీమీటరుకు ఇన్ని కిలోలని రాసింది. 1 కిలో అంటే 14.2 పీఎస్ఐ అని నేను గుణించి చూపేసరికి ఆయనకు టీ వేళయింది.

నూనెను వడగట్టే జల్లెడ, అదే స్ట్రైనర్, మాత్రం నేను దగ్గరుండి విప్పించాను. అయస్కాంతం మీద నల్లటి ముద్ద. బొటనవేలితో నలిపితే వేలిగీతల్లో ఇంకిపోయేంత సన్నటి ఉక్కు పొడి. వేలిని ఎండకేసి తిప్పితే అక్కడక్కడా ఇత్తడి రంగు మెరుపు. అది అయస్కాంతానికి అంటుకునే సరుకు కాదు, ముద్దలో చిక్కుకుని వచ్చింది. జారిన ప్లేట్ల మీది కంచు పొర రాలుతోందన్నమాట. కడుపులో దేవినట్టయింది. రబ్బరు ముక్కలు లేవు, అదొక ఊరట. డిప్‌స్టిక్ మీద నూనె మట్టం సరిగ్గానే ఉంది, నురగ లేదు కాబట్టి గాలి పీల్చడం లేదు, పాలలా తెల్లబడలేదు కాబట్టి కూలర్లోంచి నీళ్లు దిగడం లేదు.

ఇక తమ నిష్పక్షపాతం గురించి. ఒక్క గేరులోనే ప్రెషరు పడిపోతే ఆ గేరు క్లచ్ సీలు పోయిందనుకుంటాం. తమరు అలాంటి వివక్ష చూపలేదు. ముందుకైనా వెనక్కైనా, ఒకటో గేరైనా మూడో గేరైనా, న్యూట్రల్‌లో ఉన్నా సమానంగా పడిపోయారు. అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నవి స్ట్రైనర్, రిలీఫ్ వాల్వు, పంపు. మొదటి రెండూ కడిగేశాం. ఇంక మిగిలింది పంపే కదా! ప్రతి మధ్యాహ్నం తమరు చెబుతున్నదీ అదే. ఆ చెప్పే వేళకు వినాల్సినవాడు మాత్రం ఎక్కడో ఫ్యాను కింద ఉంటాడు.

ఇక మర్యాదలు చాలు. ఓరి గేజీ! ఒక్క పొద్దున, ఒక్క మెకానిక్ ముందు, ఒక్క గీత దిగడానికి నీకేం రోగం? 30 ఏళ్లుగా డోజర్ల మీదే బతికిన మనిషికి నడపడం రాదనిపించావే! గేరు వేశాక పట్టు ఆలస్యంగా దొరుకుతోందని నీ ముల్లు వణకకముందే ఆయన నాకు చెప్పాడు. ఆయన నడుముకు తెలిసిన సంగతి అది. నిన్నటి నుంచి నాతో ముభావంగా ఉంటున్నాడు. డీజిలు చీటీ కూడా హెల్పర్ చేత పంపిస్తున్నాడు. టిప్పర్ల వెయిటింగ్ ఎలాగో సర్దుకుంటాను. ఆ మాట పడ్డవాడికి నేనేం సర్ది చెప్పాలి?

అయినా నిన్ను పూర్తిగా తిట్టలేను. కొత్త యంత్రాల్లో తెర మీద ఏదో కోడ్ వస్తుంది, దాని భావం చెప్పడానికి లాప్‌టాప్ పట్టుకుని మనిషి రావాలి. నువ్వు అద్దం బీటలువారి, లోపల దుమ్ము పేరుకుని, బల్బు పోయి కూడా ఏ పూటకి ఉన్నది ఆ పూటకి చూపిస్తూనే ఉన్నావు.

రేపటికి కబురు పంపాను. వేరే ఎవరికీ కాదు, నిన్నటి మెకానిక్ గారికే. రావలసిన వేళ మధ్యాహ్నం రెండు. అప్పటికి తేలిక పని చేయించి నూనెను బాగా కాగనిస్తాం. పంపు తర్వాతి ప్లగ్గు విప్పి మాస్టర్ గేజి బిగించి, అంకె ఆపరేటర్ ముందు చదివాకే చార్జీలు. ఎండ అంటే గొడుగు నేనే పడతాను. ఆ పూట నువ్వు పౌరుషానికి పోయి పచ్చ పట్టీ ఎక్కావో, నిన్ను ఊడబీకి పాత ఇనుములో తూకానికి వేస్తాను.

ఇట్లు,
రేపు మధ్యాహ్నం రెండు వరకు తమ విధేయుడు