తాత్కాలిక మేనేజర్ కుర్చీకి అవతలి జట్టు అభిమాని రాసుకున్న విన్నపం

మహారాజశ్రీ తాత్కాలిక మేనేజర్ కుర్చీ గారికి,

అవతలి జట్టు అభిమాని నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ ఎవరూ క్షేమంగా లేరని లీగ్ పట్టిక చూస్తేనే తెలుస్తోంది కాబట్టి, ఆ కుశలప్రశ్న అడిగి మిమ్మల్ని ఇబ్బంది పెట్టను.

ప్రస్తుతం మీరు ఏ ఫుట్‌బాల్ క్లబ్‌లో ఉన్నారో పేరు రాయడం లేదు. ఈ ఉత్తరం చేరేలోపు ఇంకో క్లబ్ వాళ్లు మిమ్మల్ని ఎత్తుకుపోయే ప్రమాదం ఉంది. సీజన్ సగానికి వచ్చిందంటే మీకున్న గిరాకీ గోల్స్ కొట్టే స్ట్రైకర్‌కి కూడా ఉండదు.

ముందుగా ఒక మాట చెప్పుకోవాలి. మిమ్మల్ని మనస్ఫూర్తిగా ప్రేమించేది మీ క్లబ్ అభిమానులు కాదు, మేము. మీమీద ఎవరు కూర్చున్నా వాళ్లు నెల తిరిగేసరికి తిట్టడం మొదలుపెడతారు. మేమలా కాదు. ఎవరు కూర్చున్నా ఆనందిస్తాం. జట్టుని ఆడించే పాత మేనేజర్ ఉద్యోగం ఊడిందన్న కబురు పొద్దున వస్తుంది: ఆయన సేవలకు కృతజ్ఞతలు, ఆయన భవిష్యత్తు బాగుండాలి అంటూ నాలుగు ముక్కలు. అప్పటి నుంచి ఫోన్ కింద పెట్టకుండా కాచుకుని కూర్చునేది మేమే. సాయంత్రానికి ఫొటో వస్తుంది. శిక్షణ మైదానం, చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి, ఇంకా మడతలు కూడా పోని కొత్త ట్రాక్‌సూట్, దాని మీద ఆయన పేరులోని పొడి అక్షరాలు. మొహంలో నవ్వుకీ భయానికీ మధ్య ఏదో ఒకటి. కింద చిన్న అక్షరాల్లో "సీజన్ ముగిసే వరకు" అని. ఆ మూడు ముక్కలు చదువుకుని మేము పొందే సుఖం మా జట్టు గెలిచినప్పుడు కూడా పూర్తిగా దొరకదు.

మా స్నేహితుల్లో మీ క్లబ్ వీరాభిమాని ఒకడున్నాడు. ఫొటో రాగానే గ్రూపులో మెసేజ్ పెట్టాడు.

"ఒరేయ్, ఈసారి వేరేరా. ఈయన మన క్లబ్‌లో ఆడినోడు. ఈ జెర్సీ విలువ తెలిసినోడు."

"అవున్రా, చాలా మంచి నిర్ణయం," అన్నాను. వాడు లేని ఇంకో గ్రూపులో అప్పటికే నవ్వుల బొమ్మలు వరదలా పారుతున్నాయి.

జెర్సీ విలువ తెలియడమే అర్హత అయితే స్టేడియం గేటు దగ్గర జెర్సీలు అమ్మేవాళ్లను కూర్చోబెట్టొచ్చు కదా అని నా సందేహం. అడగలేదు. అడిగితే వాడికి కోపం వస్తుంది, నాకు వినోదం పోతుంది.

ఇక అసలు సంగతి. అవతలి జట్టు వాళ్లం కాబట్టి మీ ఓటమే కోరుకుంటామని అందరూ అనుకుంటారు. అది మా గురించి తెలియనివాళ్ల మాట. మీమీద కూర్చున్నాయన వరసపెట్టి ఓడితే మాకేం లాభం? వేసవిలో ఆయన్ని పంపేసి, ఎవరో బుర్ర ఉన్న మేనేజర్‌ని వెతికి తెచ్చుకుంటారు. రెండేళ్లు తిరిగేసరికి మా మీదకే వస్తారు. మేము కోరుకునేది మీ గెలుపే, కాకపోతే కొలత ప్రకారం ఉండాలి. ఓనర్లకు ముచ్చటేసి, తొందరపడి, "ఈయన్నే శాశ్వతంగా ఉంచేద్దాం" అనుకునేంత గెలవాలి. అంతకు ఒక్క ఆట కూడా ఎక్కువ గెలవకూడదు.

ఆ కొలత పువ్వుల్లో పెట్టి అందించిన మహానుభావుడు ఓలే గున్నర్ సోల్‌షేర్. 2018 డిసెంబరులో మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్ మొరిన్యోని పంపేసి, నార్వేలో మోల్డే క్లబ్ చూసుకుంటున్న ఈయన్ని తెచ్చి మీమీద కూర్చోబెట్టింది. యూరప్ క్లబ్‌ల పోటీల్లో అన్నిటికంటే పెద్దదైన ఛాంపియన్స్ లీగ్ 1999 ఫైనల్లో, అదే యునైటెడ్ తరఫున ఆఖరి క్షణాల్లో గోల్ కొట్టిన మనిషి. వస్తూ వస్తూ క్లబ్ రిసెప్షన్‌లో పనిచేసే ఆవిడకి నార్వే చాక్లెట్ తెచ్చాడు. మేమంతా పడీ పడీ నవ్వాం. చాక్లెట్లు పంచితే పాయింట్లు వస్తాయా అనుకున్నాం. మొదటి ఆట కార్డిఫ్ మీద 5-1. వరసగా ఎనిమిది ఆటలు గెలిచాడు. మార్చిలో, రెండు ఆటల పోటీలో మొదటిది సొంత మైదానంలో 0-2 ఓడి కూడా, పారిస్ వెళ్లి అక్కడి పీఎస్‌జీ క్లబ్‌ని 3-1తో ఛాంపియన్స్ లీగ్ బయటికి తోశాడు. ఆ రాత్రి టీవీ స్టూడియోలో యునైటెడ్ పాత ఆటగాడు రియో ఫెర్డినాండ్, కాంట్రాక్టు కాగితం బల్ల మీద పెట్టండి, అంకె ఆయన్నే వేసుకోనివ్వండి అన్నాడు.

కుర్చీ గారూ, ఆ మాట విని యునైటెడ్ అభిమానుల కంటే ఎక్కువ చప్పట్లు కొట్టింది మేమే అంటే నమ్మండి. పెట్టండి బాబూ, పెట్టండి!

పెట్టారు. 19 ఆటల్లో 14 గెలిచిన మనిషికి మార్చి 28న మూడేళ్ల కాంట్రాక్టు ఇచ్చారు. ఆ తర్వాత ఆ సీజన్‌లో ఆడిన పది ఆటల్లో రెండే గెలిచారు. ఎవర్టన్ చేతిలో 0-4. అప్పటికే రెలిగేట్ అయిపోయిన, అంటే కింది లీగ్‌కి దిగిపోవడం ఖాయమైన హడర్స్‌ఫీల్డ్‌తో డ్రా. ఆఖరి రోజున సొంత మైదానంలో, మొదటి ఆటలో చితక్కొట్టిన ఆ కార్డిఫ్ చేతిలోనే 0-2. కార్డిఫ్ కూడా అప్పటికి రెలిగేట్ అయిన జట్టే. న్యాయంగా చెప్పాలంటే తర్వాత 2020-21లో లీగ్‌లో రెండో స్థానానికి తీసుకొచ్చాడు, ఛాంపియన్స్ లీగ్ కింది మెట్టు అయిన యూరోపా లీగ్‌లో ఫైనల్ దాకా వెళ్లి పెనాల్టీల్లో ఓడాడు. కప్పు మాత్రం ఒక్కటీ రాలేదు. 2021 అక్టోబరులో లివర్‌పూల్ వాళ్లు ఓల్డ్ ట్రాఫర్డ్‌కి వచ్చి 5-0తో గెలుస్తున్నప్పుడు, స్టీరింగ్ మా ఓలే చేతిలో ఉందంటూ యునైటెడ్ వాళ్లు కట్టుకున్న పాటని లివర్‌పూల్ అభిమానులే గొంతెత్తి పాడారు. అవతలి జట్టు అభిమానులు ఇంత ప్రేమగా పాట పాడాల్సి వచ్చిన మేనేజర్ ఇంకా ఎంతకాలం ఉంటాడు? నాలుగు వారాలున్నాడు.

మీ మొదటి నెల మహిమలో రహస్యమేమీ లేదని నా అభిప్రాయం. ఏ క్లబ్ అయినా మేనేజర్‌ని ఎప్పుడు తీసేస్తుంది? వరసగా ఓడి, ఆటగాళ్లు మొహాలు వేలాడేసుకుని, స్ట్రైకర్ కొట్టిన ప్రతి బంతీ స్తంభానికి తగులుతున్న రోజుల్లో. దురదృష్టం కూడా అలిసిపోయే చోటు అది. ఆ తర్వాత మీమీద ఎవరిని కూర్చోబెట్టినా, ఎవరినీ కూర్చోబెట్టకపోయినా, నాలుగు బంతులు లోపలికి వెళ్తాయి. పైగా పాతాయన బెంచీ మీద కూర్చోబెట్టిన ఆటగాళ్లు కొత్తాయనకి కనబడాలని రెండు వారాలు ప్రాణం పెట్టి పరిగెత్తుతారు. మన పెద్దవాళ్లు ఆరంభ శూరత్వం అన్నది దీన్నే. ఓనర్లు మాత్రం దాన్ని దూరదృష్టి అనుకుని మూడేళ్లకు సంతకం పెడతారు. మీ గొప్పదనం అంతా ఆ పొరపాటులోనే ఉంది.

ఇంత ప్రేమించే మాకు మీరంటే భయం లేదా అంటే, ఉంది. ఆ భయానికి ఒక పేరు ఉంది, రాబర్టో డి మాటియో.

2012 మార్చిలో లండన్ క్లబ్ చెల్సీ వాళ్లు మేనేజర్ విలాస్-బోయాస్‌ని తీసేసి, ఆయన సహాయకుణ్ణి మీమీద కూర్చోబెట్టారు. అంతకు ఏడాది ముందే వెస్ట్ బ్రోమ్ క్లబ్ వద్దనుకుని పంపేసిన మనిషి. ఛాంపియన్స్ లీగ్‌లో నాపోలీ చేతిలో 1-3 ఓడి వచ్చిన జట్టు. లండన్‌లో మిగతా జట్ల వాళ్లందరికీ పండగే. అందులోనూ టోటెన్‌హామ్ వాళ్ల ఆనందం అంతా ఇంతా కాదు. ఆ సీజన్‌లో వాళ్లు లీగ్‌లో నాలుగో స్థానం సాధించారు. నాలుగో స్థానం అంటే మరుసటి ఏడాది ఛాంపియన్స్ లీగ్ అర్హత పోటీలో చోటు. చెల్సీ ఆరో స్థానంలో ఆగిపోయింది. నవ్వడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఈలోగా మీమీద కూర్చున్న ఆ మనిషి నాపోలీని లండన్‌లో 4-1తో పంపేశాడు. బార్సిలోనా మైదానంలో, కెప్టెన్ టెర్రీ ఎర్రకార్డు చూసి బయటికి పోయాక, మెస్సీ పెనాల్టీని క్రాస్‌బార్‌కి కొట్టాక, పదిమందితో 2-2 చేసి ఫైనల్‌కి వెళ్లాడు. ఫైనల్ జర్మనీ క్లబ్ బయర్న్‌తో, మ్యూనిక్‌లో వాళ్ల సొంత స్టేడియంలోనే. ఆ రాత్రి మ్యూనిక్ తర్వాత బయర్న్‌కి ఎక్కువమంది అభిమానులున్నది టోటెన్‌హామ్ వాళ్లుండే ఉత్తర లండన్‌లోనే అయి ఉంటుంది. 83వ నిమిషంలో బయర్న్ గోల్ కొట్టింది. ఇక ఐదారు నిమిషాలు కళ్లు మూసుకుంటే సరిపోతుంది అనుకుంటుండగా, 88వ నిమిషంలో కార్నర్ బంతి గాల్లోకి లేచింది, చెల్సీ స్ట్రైకర్ ద్రోగ్బా తల తగిలింది, గోల్. ఎక్స్‌ట్రా టైమ్‌లో బయర్న్ ఆటగాడు రాబెన్ పెనాల్టీని చెల్సీ గోల్‌కీపర్ చెక్ పట్టేశాడు. షూటౌట్‌లో ఆఖరి బంతి కూడా ద్రోగ్బాదే. కప్పు చెల్సీది.

ఒక దేశం నుంచి నాలుగు క్లబ్‌లకు మించి ఛాంపియన్స్ లీగ్‌లో ఆడకూడదన్నది అప్పటి నిబంధన. విజేతగా ఆరో స్థానం చెల్సీ లోపలికి వెళ్లింది. నాలుగో స్థానం టోటెన్‌హామ్ యూరోపా లీగ్‌కి దిగిపోయింది. నవ్వినందుకు ఇంత పెద్ద జరిమానా ఫుట్‌బాల్ చరిత్రలో ఇంకెవరూ కట్టి ఉండరు. ఆ జరిమానా చాలదన్నట్టు, ఆ వేసవిలోనే టోటెన్‌హామ్ కొత్త మేనేజర్‌ని వెతుక్కుని ఎవర్ని తెచ్చుకుందో తెలుసా? చెల్సీ తీసేసిన ఆ విలాస్-బోయాస్‌నే.

2019 నవంబరులో బయర్న్ కూడా ఇలాగే హాన్సీ ఫ్లిక్‌ని మీమీద కూర్చోబెట్టింది. ఆయన ఆ సీజన్‌లో మూడు కప్పులూ పట్టుకుపోయాడు. అందుకే ఆరో ఆట కూడా గెలిస్తే మాకు టెన్షన్ మొదలవుతుంది.

పాపం డి మాటియోకి అంత పెద్ద కప్పు గెలిచినందుకు రెండేళ్ల కాంట్రాక్టు ఇచ్చి, నవంబరులోనే సాగనంపారు. మీరు తాత్కాలికం అనుకుంటే శాశ్వతం మీకంటే తాత్కాలికం. ఆయన స్థానంలో సీజన్ ముగిసే వరకంటూ వచ్చిన బెనితెజ్ ఒకప్పటి లివర్‌పూల్ మనిషి. చెల్సీ అభిమానులకు ఆయనంటే ఎంత కిట్టదంటే, ప్రతి ఆటలో 16వ నిమిషం రాగానే లేచి చప్పట్లు కొట్టేవాళ్లు. ఎందుకంటే 16 డి మాటియో పాత జెర్సీ నంబరు. సొంత జట్టు వాళ్లే ఇలా మా పని చేసిపెడుతుంటే మేము ఊరికే చేతులు కట్టుకుని చూశాం. బెనితెజ్ మాత్రం యూరోపా లీగ్ కప్పు చేతిలో పెట్టి మరీ వెళ్లాడు.

మీ సేవల్లో నాకు బాగా నచ్చే ఇంకో రకం ఉంది: దింపుడు కళ్లం ఆశ. 2009లో న్యూకాజిల్ మునిగిపోతుంటే, ఎనిమిది ఆటలు మిగిలుండగా, క్లబ్ దేవుడు అలన్ షియరర్‌ని మీమీద కూర్చోబెడుతున్నట్టు ప్రకటించారు. ప్రకటించిన తేదీ ఏప్రిల్ 1. ఎనిమిదిలో ఒకటి గెలిచారు, రెలిగేట్ అయ్యారు. పక్కనే ఉన్న సండర్‌లాండ్ వాళ్లకు ఆ వేసవి ఎలా గడిచిందో వర్ణించడం నా వల్ల కాదు. 2023లో లీడ్స్ వాళ్లు నాలుగు ఆటలు మిగిలుండగా శామ్ అలర్డైస్‌ని పిలిచారు. పేరుమోసిన మేనేజర్లు గార్డియోలా అయినా, క్లాప్ అయినా ఫుట్‌బాల్ తెలివిలో తనకంటే ముందేమీ లేరని ఆయన మొదటి ప్రెస్‌మీట్‌లోనే చెప్పేశాడు. నాలుగు ఆటలకు ఒక్క పాయింటు వచ్చింది.

ఆ సీజన్‌లోనే టోటెన్‌హామ్‌లో మేనేజర్ కోంటే వెళ్లాక ఆయన సహాయకుడు స్టెల్లీనీ మీమీద కూర్చున్నాడు. న్యూకాజిల్‌లో 21 నిమిషాలకే 0-5. మర్నాడు ఆయన్నీ పంపేసి ర్యాన్ మేసన్‌ని కూర్చోబెట్టారు. తాత్కాలికానికి ఇంకో తాత్కాలికం! అదే ఏప్రిల్‌లో చెల్సీ, రెండేళ్ల కిందట తానే తీసేసిన లాంపార్డ్‌ని మళ్లీ పిలిచి కూర్చోబెట్టింది. వరసగా ఆరు ఆటలు ఓడాడు. మొత్తం పదకొండులో గెలిచింది ఒకటి. ఆయన ఒకప్పుడు ఆ క్లబ్‌కి కొట్టిన గోల్స్ గుర్తుకొచ్చి వాళ్ల అభిమానులు గట్టిగా తిట్టలేకపోయారు కూడా. అంతకంటే మాకేం కావాలి చెప్పండి.

ఇన్ని పొగడ్తలూ ఎందుకంటారా? ఒక పని ఉండి రాశాను.

వచ్చే శనివారం మా జట్టు మీ మైదానానికి వస్తోంది. ఫిక్స్చర్ల పట్టిక వచ్చిన రోజే ఆ మూడు పాయింట్లు మా ఖాతాలో వేసేసుకున్నాం. మీ పాతాయన వరసగా ఓడుతూ ఎంత చక్కగా దారి సిద్ధం చేశాడు! ఇంకొక్క వారం ఆగి, మా ఆట అయ్యాక, సోమవారం పొద్దున ఆయన్ని పంపితే మీ సొమ్మేం పోయేది? ఇప్పుడు మీమీద కూర్చున్నాయనకి మొదటి ఆట మాతోనే. స్టేడియం నిండుతుంది, పాటలు పాడతారు, ఏడాదిగా గోల్ కొట్టనివాడు కూడా మా మీద రెండు కొడతాడు. ఆరంభ శూరత్వం ఖర్చంతా మేమే భరించాలా?

కనుక ఆయన నియామకపు కాగితాల్లో ఏదైనా సంతకం తక్కువైందని చెప్పి మంగళవారం దాకా సాగదీయవలసిందిగా ప్రార్థన. అది కుదరకపోతే శనివారం ఒక్కరోజు ఆయన పాత ఆటగాళ్లనే, పాత పద్ధతిలోనే ఆడించేలా చూడండి. ఆ తర్వాత వరసగా ఎనిమిది గెలుచుకోండి, మాకేం అభ్యంతరం లేదు. మూడేళ్ల కాంట్రాక్టు మీద సంతకం పెట్టడానికి పెన్ను కూడా మేమే పంపిస్తాం.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి,
అవతలి స్టాండ్ నుంచి